జింక పుర్రెను ఉడకబెట్టొద్దు

టెక్సాస్‌లో ఒక మిత్రుడి పొలంలో, ముళ్ళకంచె వారగా తెల్లతోక జింక పుర్రె దొరికింది. మగ జింక, కొమ్ములు పుర్రెకే ఉన్నాయి. కింది దవడ రెండు ముక్కలై పక్కనే పడి ఉంది. చర్మం ఎప్పుడో పోయింది. దవడ కీలు దగ్గర ఎండి తోలులా మారిన కండ కాస్త, నుదుటి మీద పచ్చటి పాచి, కంటి గుంట అంచున ఎలుకలు గీరిన సన్నటి జంట గాట్లు. ఎలుకలకు ఎముకలో కావలసింది కాల్షియం. ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేసి, తీసుకెళ్ళొచ్చని తేల్చుకున్నాకే కారు డిక్కీలో వేసుకున్నాను. అమెరికాలో ఈ నిబంధనలు రాష్ట్రానికో తీరు. నేషనల్ పార్కుల్లోనైతే రాలిపడిన కొమ్మును కూడా పట్టుకెళ్ళకూడదు.

ఇంటికి తేగానే వచ్చిన మొదటి సలహా: "పెద్ద గిన్నెలో వేసి ఉడకబెట్టెయ్, అంతా ఊడొచ్చేస్తుంది."

మేక కాళ్ళ పులుసు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి. గడ్డకట్టి జున్నులా వణుకుతుంటుంది. ఆ వణికేది జెలటిన్, నిన్నటిదాకా బొక్కలో, నరాల్లో ఉన్న కొలాజెన్. ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ అనే ప్రోటీన్. దడి కట్టి మట్టి మెత్తిన గోడ లాంటిదన్నమాట: మట్టి గట్టిదనం ఇస్తుంది, దడి విరక్కుండా పట్టి ఉంచుతుంది. ఎముకను కొన్నాళ్ళు వెనిగర్‌లో నానబెడితే మట్టి కరిగిపోయి దడి మిగులుతుంది, రబ్బరులా వంగుతుంది. దానికి ఎదురుది మనవాళ్ళు శ్మశానంలో చూసిందే. చితి ఆరాక అస్థికలు ఏరుతుంటే వేళ్ళ మధ్యే చిట్లిపోతాయి. నిప్పు కొలాజెన్‌ను కాల్చేసి ఖనిజాన్నే వదిలింది మరి. ఉడకబెట్టడం ఈ రెండూ కాదు, కాళ్ళ పులుసు దారి. పులుసుకు రుచి వచ్చేది ఎక్కడ్నించో పుర్రె పాడయ్యేదీ అక్కడే. పైగా మరిగే నీళ్ళలో కొవ్వు కరిగి ఎముక రంధ్రాల్లోకి ఇంకుతుంది, పళ్ళు నెర్రెలిస్తాయి.

అన్నిటికంటే ముందు పోయేది ముక్కు. జింక పుర్రెను ముక్కు వైపు నుంచి టార్చి వేసి చూస్తే లోపల పూతరేకుల్లా చుట్టలు చుట్టుకున్న ఎముక పొరలు కనబడతాయి. కాగితమంత పల్చన. బతికున్నప్పుడు వాటి మీద తడి చర్మం ఉంటుంది. పీల్చిన గాలి వెచ్చబడేది, తడి పట్టేది ఆ చుట్టల మధ్య నుంచి పోతున్నప్పుడే. గిన్నెలో కుతకుతలాడే నీళ్ళకు అవి ఆగవు. పుర్రెలు శుభ్రం చేయడంలో చెయ్యి తిరిగినవాళ్ళ పని ముందుగా ముక్కులోనే చూస్తానంటాను నేను.

మరి చేయాల్సిందేమిటి? దాదాపు ఏమీ చేయకపోవడమే. బకెట్‌లో మామూలు నీళ్ళు పోసి, కొమ్ములు పైకి ఉండేలా పుర్రెను ముంచి, మూత పెట్టి వదిలేయాలి. మిగిలిన కండను బాక్టీరియా తినేస్తుంది. నీళ్ళు ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల వెచ్చదనంలో ఉంటే పని వారాల్లో అవుతుంది, చల్లగా ఉంటే నెలలు పడుతుంది. సబ్బు, ఉప్పు వేయకూడదు, వేస్తే పనివాళ్ళే చచ్చిపోతారు. నీళ్ళు మార్చేటప్పుడు కూడా సగమే మార్చాలి. వాసన సంగతి ఎక్కువ చెప్పను. మా ఇంట్లో బకెట్ గరాజ్ నుంచి పెరటి చివరికి, అక్కణ్ణుంచి కంచె అవతలికి పోయింది. చేతికి తొడుగులు తప్పనిసరి. అమెరికా జింకల్లో మెదడును తినేసే ఒక ప్రయాన్ (మెలితిరిగి చెడిపోయిన ప్రోటీన్) జబ్బు ఉంది, 1967లో కొలరాడోలో మొదట గమనించారు. మనుషులకు సోకిన దాఖలా లేకపోయినా, ఆ ప్రయాన్లు ఉడకబెట్టినా చావవు. మెదడు గూడును రంపంతో కోసే సాహసాలు వద్దు.

మ్యూజియాలకు ఇంకో పనివాడు ఉన్నాడు: డెర్మెస్టిడ్ పురుగు. ఎండిన కండను గీకి గీకి తింటుంది, ముక్కు చుట్టలు చెక్కుచెదరవు. ఈ జాతి మనకు కొత్తేమీ కాదు. ఎండుచేపల్లోనూ పట్టుకాయల గోదాముల్లోనూ పడి నష్టం చేసే పురుగులు ఈ కుటుంబానివే. ఒకచోట తెగులు, ఇంకోచోట నెలజీతం లేని ఉద్యోగి.

కండ పోయాక అందరూ తెలుపు కోసం తొందరపడతారు. కానీ అసలు శత్రువు కొవ్వు. కొవ్వు మిగిలిన పుర్రెను ఎంత తెల్లబరిచినా కొన్ని నెలలకు పసుపు మరకలు తేలతాయి, పాత నూనె కంపు కొడుతుంది. గాలి తగిలి కొవ్వు ముక్కిపోవడమే దానికి కారణం. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, నీళ్ళు మసకబారినప్పుడల్లా మారుస్తూ పోవాలి. ఎండలో ఎండిన నా పుర్రెకే మూడు వారాలు పట్టింది.

ఇక తెలుపు. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. ఊళ్ళో డాక్టరు గాయం మీద పోస్తే బుసబుసా నురగ వచ్చేది, అదే. రంగునిచ్చే అణువులను విరగ్గొట్టి, చివరికి నీరూ ఆక్సిజనూ అయిపోతుంది. ఆ గాలి పోవాలి కాబట్టి డబ్బా మూత బిగించకూడదు. బట్టల బ్లీచ్, మన బ్లీచింగ్ పౌడర్ మాత్రం వద్దే వద్దు. వాటిలోని హైపోక్లోరైట్ ప్రోటీన్‌ను తినేస్తుంది. ఆ పూటకు పుర్రె మల్లెపువ్వులా ఉంటుంది, పోనుపోను సుద్దలా రాలుతుంది. కొమ్ములకు పెరాక్సైడ్ తగలనివ్వకండి. కొమ్మూ ఎముకే, కానీ దాని గోధుమరంగు చెట్లకు రుద్దుకున్నప్పుడు పట్టిన రసాలది, ఒకసారి పోతే తిరిగిరాదు. నా పుర్రె చివరికి కోరా గుడ్డ రంగులో ఆగింది. మట్టి మరక ఒకటి నుదుటి మీద ఉండిపోయింది, ఉండనిచ్చాను.

నల్లమలలో ఇలాంటిది కనబడితే మాత్రం చేయి వేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిలో చచ్చిన జింక పుర్రె, కొమ్ములు ప్రభుత్వ ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో చెప్పాలి. సరదా తీరాలంటే మాంసం కొట్టువాణ్ణి అడిగి, కాల్చని, కొట్టని మేక తలకాయ తెచ్చుకోండి. ముక్కులో అవే పూతరేకులు, పైదవడకు అలాగే ముందుపళ్ళు లేని చిగురు. తేడా ఒక్కటే, మేక కొమ్ము బకెట్‌లో నానాక తొడుగులా ఊడొస్తుంది. పైన ఉన్నది గోరు పదార్థం, లోపలిదే ఎముక.

బకెట్ నీళ్ళు పారబోసేటప్పుడు జల్లెడ పెట్టుకోండి. కింది దవడ ముందుపళ్ళు ఎనిమిదీ వదులై నీళ్ళలో పడి ఉంటాయి. నావి ఆరబెట్టి తెల్ల జిగురుతో అతికించాను. మర్నాడు చూస్తే వెడల్పాటి పళ్ళు పక్కలకు, సన్నవి నడుమకు వచ్చాయి, ఉండాల్సింది తలకిందులుగా. నయం, ఆ జిగురు నీళ్ళలో కరుగుతుంది. దవడ మళ్ళీ బకెట్‌లోకి వెళ్ళింది.