ఆస్పత్రి ఫైళ్లలోంచి వీధిలోకి

ఆడా మగా అన్న రెండు గళ్లలో పూర్తిగా ఇమడని శరీర లక్షణాలతో పుట్టేవాళ్లను ఇంటర్‌సెక్స్ అంటున్నాం. వీళ్లకంటూ ఒక వాడ లేదు, ఒక కులం లేదు. తనలాంటి మరో మనిషిని చూడకుండానే జీవితం గడిచిపోవచ్చు. అలాంటివాళ్లు ‘మేము’ అనగలిగారంటే, ఒకరకంగా అందుకు కారణం వైద్యులే.

1950ల్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో మనస్తత్వవేత్త జాన్ మనీ బృందం ఒక పద్ధతి పెట్టింది: బిడ్డ ఆడో మగో తొందరగా తేల్చెయ్యాలి, అందుకు తగ్గట్టు ఆపరేషన్ చెయ్యాలి, పెంపకంలో అనుమానానికి తావివ్వకూడదు. ఆచరణలో అది నిజాన్ని గుట్టుగా దాచడంగా మారింది. అమెరికాలో ఇంటర్‌సెక్స్‌గా పుట్టిన షెరిల్ చేజ్‌ను ఏడాదిన్నర దాకా మగపిల్లాడిగా పెంచి, ఆపరేషన్ చేయించి, ఆడపిల్ల పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆస్పత్రి కాగితాలు సంపాదించుకుంటే గానీ అసలేం జరిగిందో ఆమెకు తెలియలేదు.

1993లో జీవశాస్త్రవేత్త ఆన్ ఫాస్టో-స్టెర్లింగ్, లింగాలు రెండే అనడం కుదరదని ఒక పత్రికలో వ్యాసం రాశారు. దానికి స్పందిస్తూ రాసిన ఉత్తరంలో ‘ఇంటర్‌సెక్స్ సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికా’ ఏర్పడిందని చేజ్ ప్రకటించారు. నిజానికి అప్పటికి సంఘమంటే ఆమె ఒక్కరే! ఉత్తరాలు రావడంతో అది నిజంగానే సంఘమైంది. వాళ్ల శరీరాలు ఒక్కలా లేవు. కలిపింది కత్తి, దాన్ని కప్పిపెట్టిన మౌనం.

1996 అక్టోబర్ 26న బోస్టన్‌లో పిల్లల డాక్టర్ల మహాసభ బయట వాళ్లు బ్యానర్ పట్టుకుని నిలబడ్డారు. దాని మీద ‘హెర్మాఫ్రొడైట్స్ విత్ యాటిట్యూడ్’ అని ఉంది. ఇలాంటివాళ్లకు వైద్య పుస్తకాలు పెట్టిన ‘హెర్మాఫ్రొడైట్’ అన్న మాటకే పొగరు (యాటిట్యూడ్) తొడిగారన్నమాట. ఆ తేదీ ఇప్పుడు ఇంటర్‌సెక్స్ అవగాహన దినం.

తర్వాత కీచులాటలూ వచ్చాయి. 2006లో వైద్యులు తెచ్చిన ‘లింగ వికాస రుగ్మతలు’ అన్న పేరును చేజ్ సంఘం ఒప్పుకుంది. మమ్మల్ని మళ్లీ రోగుల్ని చేస్తారా అని చాలామంది మండిపడ్డారు. 2008లో సంఘం మూతపడింది. ఉద్యమం ఆగలేదు. 2013లో యూరప్‌లోని మాల్టాలో సమావేశమైన కార్యకర్తలు ఉమ్మడి డిమాండ్లు ప్రకటించారు. 2015లో ఆ దేశమే, అత్యవసరం కాని ఇలాంటి ఆపరేషన్లను పిల్లల సమ్మతి లేకుండా చెయ్యకూడదని చట్టం తెచ్చింది.

మన దేశంలో 2019 ఏప్రిల్‌లో, ఒక పెళ్లి రిజిస్ట్రేషన్ కేసులో తీర్పిస్తూ మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ పసిపిల్లలకు ఈ ఆపరేషన్లు ఆపాలంది. ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప చెయ్యకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం వచ్చిన కేంద్ర చట్టం మాత్రం ఇంటర్‌సెక్స్ వాళ్లను ట్రాన్స్‌జెండర్ నిర్వచనంలోనే కలిపేసింది. పసిపిల్లల ఆపరేషన్లపై నిషేధాన్ని అందులో పెట్టలేదు.