36 మ్యాచ్‌లు 22 ఎలా అయ్యాయి: డబ్ల్యూఎన్‌బీఏ 2020 సీజన్ వెనక కథ

అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ 2020లో ఒక్కో జట్టుకు 36 మ్యాచ్‌లు పెట్టాలనుకుంది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే అతి పెద్ద సీజన్. చివరికి ఆడింది 22. కరోనా వల్ల కుదించారని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ 22 దగ్గరే ఎందుకు ఆగారు, పద్నాలుగు మ్యాచ్‌లు ఎగిరిపోయినా జీతాలు పూర్తిగా ఎలా ఇచ్చారు, నష్టమని తెలిసీ ఆ ఏడాదికి తాళం వేయకుండా ఎందుకు పట్టుబట్టారు అన్నవి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1996 ఏప్రిల్‌లో పురుషుల లీగ్ ఎన్‌బీఏ ఈ లీగ్‌కు ఆమోదం తెలిపింది. తొలి మ్యాచ్ 1997 జూన్ 21న న్యూయార్క్ లిబర్టీ, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ మధ్య జరిగింది. అప్పుడు ఎనిమిది జట్లు, జట్టుకు 28 మ్యాచ్‌లు. పురుషుల లీగ్ చలికాలంలో నడుస్తుంది కాబట్టి వేసవిలో స్టేడియాలు ఖాళీ, టీవీలోనూ చోటు ఉంటుంది. అందుకే మహిళలకు వేసవి కేటాయించారు. వ్యాపారపరంగా తెలివైన లెక్కే. కానీ ఏడాదిలో నాలుగైదు నెలల పని, దానికి తగ్గ జీతం అన్న పద్ధతి అక్కడే స్థిరపడిపోయింది. అదే కాలంలో ఏబీఎల్ అనే పోటీ లీగ్ చలికాలంలో నడిచేది, జీతాలూ మెరుగ్గా ఇచ్చేది. 1998 డిసెంబర్‌లో సీజన్ నడుస్తుండగానే అది దివాలా తీసింది. అమెరికా మహిళా బాస్కెట్‌బాల్‌లో సీజన్ మధ్యలో ఆగిపోవడమంటే ఏమిటో వైరస్ రాకముందే తెలుసన్నమాట.

డబ్ల్యూఎన్‌బీఏ కూడా పడుతూ లేస్తూనే వచ్చింది. 2000లో 16 జట్లకు పెరిగింది, తర్వాత ఒక్కొక్కటీ రాలిపోయాయి. మొదటి నాలుగు టైటిళ్లూ గెలిచిన హ్యూస్టన్ కామెట్స్ 2008లో మూతపడింది. 2010 నుంచి 12 జట్ల దగ్గర లీగ్ నిలబడింది. ఈ పన్నెండు అంకె గుర్తుంచుకోవాలి, 2020 లెక్క దాని మీదే నడిచింది.

2019లో లీగ్‌లో అత్యధిక జీతం 1,17,500 డాలర్లు. రష్యా, టర్కీ, చైనా క్లబ్బులు పెద్ద తారలకు అంతకు ఎన్నో రెట్లు ఇచ్చేవి. 2015లో డయానా టొరాసీ రష్యాలోని ఎకాటెరిన్‌బర్గ్ క్లబ్ తరఫున ఆడుతూ, ఆ క్లబ్ విశ్రాంతి కోసం డబ్బులిస్తే డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మొత్తం మానేసింది. 2019 ఏప్రిల్‌లో హంగరీలో, యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోలీగ్ ఫైనల్ ఆడుతూ బ్రియానా స్టూవర్ట్ కాలి మడమ నరం తెగింది. అంతకుముందు ఏడాది డబ్ల్యూఎన్‌బీఏ ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి) ఆమె. సొంత లీగ్‌కు ఆ వేసవంతా ఆమె లేకుండా పోయింది. ఇక ప్రయాణాల సంగతి: జట్లు మామూలు విమానాల్లోనే తిరగాలన్న నిబంధన ఉండేది. 2018 ఆగస్టులో లాస్ వెగాస్ ఏసెస్ జట్టు విమానాలు ఆలస్యమై పాతిక గంటలకు పైగా ప్రయాణించి వాషింగ్టన్ చేరింది. ఆ ఒళ్లు నొప్పులతో ఆడితే దెబ్బలు తగులుతాయని మ్యాచ్ వదిలేసుకుంది. ఓటమి కింద రాసుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో ప్లేయర్ల యూనియన్ పాత ఒప్పందం నుంచి ముందుగానే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

కొత్త ఒప్పందం 2020 జనవరి 14న బయటికొచ్చింది. యూనియన్ అధ్యక్షురాలు నెకా ఒగుమికే, లీగ్ కమిషనర్ క్యాథీ ఎంగెల్‌బర్ట్. అత్యధిక జీతం 2,15,000 డాలర్లు. అన్నీ కలుపుకొని సగటు ఆదాయం 1,30,000కు దగ్గరగా ఉంటుందని అంచనా. ప్రసూతి సెలవులో పూర్తి జీతం, ప్రయాణాల్లో ఎవరి గది వారికి, విమానంలో కాస్త కాళ్లు చాపుకునే సీటు. 2021 నుంచి ఆదాయం నిర్దేశిత లక్ష్యాలు దాటితే, దాటిన మేరకు సగం సగం పంపకం. 36 మ్యాచ్‌ల షెడ్యూల్, మధ్యలో టోక్యో ఒలింపిక్స్ కోసం నెల విరామం కూడా ఆ ఏడాది ప్రణాళికలోవే. మే 15న మొదలవ్వాలి.

ఒప్పందం ప్రకటించి రెండు నెలలు గడవలేదు, మార్చి 11న ఎన్‌బీఏ ఆగిపోయింది. విదేశాల్లో ఆడుతున్నవాళ్లు ఉన్నపళంగా విమానాలెక్కారు. అలా స్పెయిన్ నుంచి తిరిగొచ్చిన సిడ్నీ వీస్‌కు పాజిటివ్ వచ్చింది. యూరోలీగ్ క్వార్టర్ ఫైనల్స్ దశలో నిలిచిపోయింది. దక్షిణ కొరియా మహిళల లీగ్ కొన్నాళ్లు ప్రేక్షకులు లేకుండా ఆడి చూసి, మార్చి 20న మిగతా మ్యాచ్‌లూ ప్లేఆఫ్స్ రద్దు చేసింది. అప్పటికి పట్టికలో పైనున్న ‘వూరీ బ్యాంక్’ (Woori Bank) జట్టుకే మొదటి స్థానం దక్కింది. చలికాలపు లీగ్‌లన్నింటికీ వైరస్ చివరి అంకంలో అడ్డొచ్చింది. డబ్ల్యూఎన్‌బీఏకు అది తెర లేవకముందే వచ్చింది. ఇరవై మూడేళ్లుగా ప్లేయర్లను విదేశాలకు తరిమిన వేసవి క్యాలెండర్, ఆ ఒక్క ఏడాదికి లీగ్‌ను కాపాడింది.

ఇంకో సంగతీ కలిసొచ్చింది. మార్చి 24న టోక్యో ఒలింపిక్స్ వాయిదా పడ్డాయి. ఒలింపిక్ విరామం కోసం వదిలిన జులై, ఆగస్టు రోజులు ఒక్కసారిగా చేతికొచ్చాయి. ఆ ఖాళీ దొరక్కపోతే 22 మ్యాచ్‌లకు కూడా చోటుండేది కాదు. ఎందుకంటే అవతలి గట్టు అక్టోబర్. ఆ తర్వాత యూరప్ సీజన్లు మొదలవుతాయి, ప్లేయర్లు అటు వెళ్లిపోతారు.

ఏప్రిల్ 3న సీజన్ వాయిదా వేశారు. ఏప్రిల్ 17న డ్రాఫ్ట్ (కొత్త ప్లేయర్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) ఆన్‌లైన్‌లో, ఎవరి ఇంట్లో వారు కూర్చుని. మొదటి ఎంపిక సబ్రీనా అయోనెస్కూ, న్యూయార్క్‌కు వెళ్లింది. ఈ దశలో ఎక్కువ దెబ్బ తిన్నది రెండు, మూడో రౌండ్ల అమ్మాయిలు. మామూలుగా డ్రాఫ్ట్ అయిన కొద్ది రోజులకే శిక్షణ శిబిరం ఉంటుంది. అక్కడ పాత ప్లేయర్‌ను దాటి చోటు సంపాదించుకోవచ్చు. 2020లో ఆ సమయానికి శిబిరమే లేదు. జట్టుకు 12 మంది మించకూడదు, 13 లక్షల డాలర్ల జీతాల పరిమితి దాటడానికి వీల్లేదు. జూన్ 1 నుంచి జీతాలు మొదలుపెట్టాలంటే మే 26 లోపు జాబితాలు ఖరారు కావాలి. దాంతో కోచ్ కళ్ల ముందు ఒక్కసారి కూడా బంతి పట్టకుండానే చాలామంది కొత్తవాళ్లు తప్పుకోవాల్సి వచ్చింది. కుదింపు గురించి మాట్లాడేటప్పుడు పోయిన 14 మ్యాచ్‌లే లెక్కేస్తారు. పోయిన శిబిరం గురించి ఎవరూ అనరు.

జూన్ 15న అసలు ప్రణాళిక వెలువడింది. ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో ఐఎంజీ అకాడమీ అనే క్రీడల బోర్డింగ్ స్కూలు ఉంది. పన్నెండు జట్లూ అక్కడే ఉండాలి, అక్కడే ఆడాలి, ప్రేక్షకులుండరు. జట్టుకు 22 మ్యాచ్‌లు. ఈ అంకె గాలిలోంచి పుట్టలేదు. పన్నెండు జట్లలో ఒక్కో జట్టుకు ప్రత్యర్థులు 11. అందరితో రెండేసి సార్లు ఆడితే 22, మొత్తం 132 మ్యాచ్‌లు. 36ను 11తో భాగిస్తే శేషం మిగులుతుంది, కొందరికి బలమైన జట్టుతో ఒక మ్యాచ్ ఎక్కువ పడుతుంది. ఆ తేడా ఇక్కడ లేదు. సొంత మైదానం లాభమూ ఎవరికీ లేదు. పద్ధతి ప్రకారం చూస్తే ఈ లీగ్ ఆడిన అతి న్యాయమైన పట్టికల్లో ఇదొకటి. సీజన్ చివర సియాటిల్ స్టార్మ్, లాస్ వెగాస్ ఏసెస్ రెండూ 18 గెలిచి 4 ఓడాయి. తమలో తాము ఆడిన రెండూ ఏసెస్ గెలిచింది కాబట్టి దానికే మొదటి స్థానం, మరో మాట లేదు.

జీతం మాత్రం నూటికి నూరు. 36 మ్యాచ్‌లకు రాసుకున్న మొత్తం 22కే ఇచ్చారు. నా దృష్టిలో ఆ వేసవిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇది. ఎన్‌బీఏలోనైతే మే మధ్య నుంచి ప్లేయర్ల చెక్కుల్లో 25 శాతం ఆపి ఉంచారు. కోట్లలో సంపాదించేవాళ్లు అది తట్టుకోగలరు. ఇక్కడ మ్యాచ్‌ల లెక్కన కోస్తే దాదాపు 39 శాతం పోతుంది. ఆ మిగిలిన డబ్బుకు మూడు నెలలు గడప దాటకుండా ఉండమంటే, ఇంట్లో కూర్చుని శరదృతువులో టర్కీ విమానమెక్కడమే మేలనుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

రానివాళ్లకు రెండు దారులు పెట్టారు. ఆరోగ్య కారణంతో ‘హై రిస్క్’ అని వైద్యుల ప్యానెల్ ఒప్పుకుంటే జీతమంతా వస్తుంది. సొంత నిర్ణయంతో మానేస్తే జీతం వదులుకోవాలి. ఉబ్బసమున్న టీనా చార్లెస్‌కు మినహాయింపు దొరికింది. లైమ్ వ్యాధితో బాధపడుతూ రోజుకు 64 మాత్రలు మింగే ఎలీనా డెలి డాన్‌కు దొరకలేదు. ఆమె అంతకుముందు ఏడాది ఎంవీపీ. దాంతో పెద్ద గొడవైంది. చివరికి ఆమె జట్టు వాషింగ్టన్ మిస్టిక్స్ తానే జీతమిస్తానని ముందుకొచ్చింది. సామాజిక న్యాయం కోసం పనిచేస్తామంటూ నటాషా క్లౌడ్, రెనీ మాంట్‌గొమరీ స్వయంగా తప్పుకున్నారు. సియాటిల్ కోచ్ డాన్ హ్యూస్‌ను కూడా ఆరోగ్య రీత్యా రావద్దన్నారు, గ్యారీ క్లాపెన్‌బర్గ్ బాధ్యత తీసుకున్నాడు.

బయటి ప్రపంచంతో సంబంధం లేని ఆ ప్రాంగణాన్ని బబుల్ అన్నారు. అందులోకి వెళ్లే పద్ధతి ఇలా ఉండేది. ముందు సొంత ఊళ్లో పరీక్షలు. జూన్ 28 నుంచి జులై 5 వరకు 137 మంది ప్లేయర్లను పరీక్షిస్తే ఏడుగురికి పాజిటివ్ వచ్చింది. ఇండియానా ఫీవర్ జట్టు ప్రయాణం అందుకే అయిదు రోజులు ఆగింది. మిగతావాళ్లు జులై 6న చేరారు. దిగగానే నాలుగు రోజులు గదిలోనే, రోజూ పరీక్ష, భోజనం తలుపు దగ్గరికే. ఆ తర్వాతే ప్రాక్టీస్. పిల్లలున్నవాళ్లు పిల్లలనూ, వాళ్లను చూసుకునే మనిషినీ వెంట తెచ్చుకోవచ్చు. జనవరి ఒప్పందంలో తల్లుల కోసం బేరమాడి ఉండకపోతే ఈ వెసులుబాటు ఇంత తేలిగ్గా వచ్చేదా అన్నది అనుమానమే. తెలుగు క్రికెట్ అభిమానులకు బబుల్ అంటే యూఏఈ ఐపీఎల్ గుర్తొస్తుంది. అది సెప్టెంబర్ 19న మొదలయ్యేనాటికి ఇక్కడ లీగ్ దశ ముగిసి ప్లేఆఫ్స్ నడుస్తున్నాయి.

జులై 25 నుంచి సెప్టెంబర్ 13 వరకు 51 రోజులు, 22 మ్యాచ్‌లు. అంటే సుమారు రెండుంబావు రోజులకొకటి. విమానాలు లేవు కాబట్టి సరిపోతుందనుకున్నారు. కానీ శిబిరం సరిగా లేని ఒళ్లు, వెంటవెంటనే మ్యాచ్‌లు, జాబితాలో పన్నెండే పేర్లు. మామూలు సీజన్‌లో కండరం పట్టేసి రెండు వారాలు కూర్చుంటే నాలుగైదు మ్యాచ్‌లు పోతాయి, ఇక్కడ ఆరు పోతాయి. బయటి నుంచి కొత్త మనిషిని పిలిపిద్దామంటే పరీక్షలు, క్వారంటైన్ పూర్తయ్యేలోపు మరో రెండు ఆటలు అయిపోతాయి. అయోనెస్కూ మూడో మ్యాచ్‌లోనే చీలమండ బెణికి సీజన్‌కు దూరమైంది. కొత్తవాళ్లతో నిండిన న్యూయార్క్ 2 గెలిచి 20 ఓడింది. అదే హడావుడిలో కొందరికి తలుపులూ తెరుచుకున్నాయి. రెండో రౌండ్‌లో, 16వ ఎంపికగా మిన్నెసోటాకు వచ్చిన క్రిస్టల్ డేంజర్‌ఫీల్డ్ ఉత్తమ కొత్త క్రీడాకారిణి అయింది. సీజన్ మధ్యలో వాషింగ్టన్ వదులుకున్న షే పెడీని ఫీనిక్స్ తీసుకుంది. సెప్టెంబర్ 15న నాకౌట్‌లో ఆమె చివరి క్షణంలో వేసిన త్రీ పాయింటర్‌తో 85-84 తేడాతో డిఫెండింగ్ చాంపియన్ వాషింగ్టన్ ఇంటిదారి పట్టింది.

అందరూ ఒకేచోట ఉండటం వల్ల ప్రణాళికలో లేని ఫలితం ఒకటి వచ్చింది. ఆ సీజన్‌ను పోలీసు కాల్పుల్లో చనిపోయిన నల్లజాతి యువతి బ్రియానా టేలర్‌కు అంకితమిచ్చి, జెర్సీల మీద ఆమె పేరు వేసుకున్నారు. తొలి మ్యాచ్‌లో 26 సెకన్ల మౌనం, చనిపోయేనాటికి ఆమె వయసు 26. అట్లాంటా డ్రీమ్ సహ యజమాని, సెనేటర్ కెల్లీ లోఫ్లర్ ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ను వ్యతిరేకిస్తూ కమిషనర్‌కు లేఖ రాసింది. ఆగస్టు 4 నుంచి ప్లేయర్లు సెనేట్ ఎన్నికలో ఆమె ప్రత్యర్థి రాఫెల్ వార్నాక్‌కు ఓటేయమనే టీషర్టులు వేసుకున్నారు. ఆమె సొంత జట్టు అమ్మాయిలు కూడా. జాకబ్ బ్లేక్ అనే నల్లజాతీయుడిపై పోలీసు కాల్పులకు నిరసనగా ఆగస్టు 26న మూడు మ్యాచ్‌లు ఆడలేదు, మర్నాడూ ఆడలేదు. వేర్వేరు ఊళ్లలో ఉంటే పన్నెండు జట్లు ఫోన్లలో తేల్చుకునేసరికి మ్యాచ్ టైమ్ దాటిపోయేది. ఆగిన మ్యాచ్‌లను తర్వాత సర్ది 22 పూర్తిచేశారు. 2021 జనవరి 5న వార్నాక్ గెలిచాడు. ఫిబ్రవరిలో డ్రీమ్ చేతులు మారింది. కొత్త యజమానుల్లో ఒకరు, 2020లో ఆడకుండా తప్పుకున్న రెనీ మాంట్‌గొమరీ.

వైరస్ చివర్లో మరోసారి భయపెట్టింది. సెప్టెంబర్ 20న సెమీస్ మొదటి మ్యాచ్‌కు ముందు కొందరు సియాటిల్ ప్లేయర్ల పరీక్షలు ఎటూ తేలలేదు. మ్యాచ్ ఆపేశారు. తర్వాత నెగటివ్ అని తేలింది, 22న ఆడారు. అలిషా క్లార్క్ చివరి సెకన్లలో రీబౌండ్ పట్టి వేసిన బుట్టతో సియాటిల్ 88-86తో గెలిచింది. ఫైనల్స్‌లో ఏసెస్‌ను 3-0తో ఊడ్చేసి అక్టోబర్ 6న టైటిల్ అందుకుంది. చివరి మ్యాచ్ స్కోరు 92-59. మడమ నరం బాగయి తిరిగొచ్చిన స్టూవర్ట్ ఫైనల్స్ ఎంవీపీ, స్యూ బర్డ్‌కు నాలుగో టైటిల్.

2021లోనూ పూర్తి షెడ్యూల్ కుదరలేదు, 32 మ్యాచ్‌లే ఆడారు. అనుకున్న 36 నిజంగా ఆడింది 2022లో. ప్రేక్షకులు లేని కాలం ఎక్కువకాలం వెంటాడింది ఆదాయ పంపకం దగ్గర. లక్ష్యాలు ఏ ఏడాదికా ఏడాది కాకుండా పోగేసి లెక్కపెట్టేలా రాసుకున్నారు. కరోనా రోజుల్లో పడ్డ లోటు తర్వాతి సంవత్సరాల మీద కూర్చుంది. లీగ్‌కు ఆదరణ పెరిగినా సగం వాటా దగ్గరికి రాలేదు. అందరికీ చార్టర్ విమానాలు 2024 మేలో వచ్చాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ప్లేయర్ల యూనియన్ 2020 ఒప్పందం నుంచి కూడా ముందుగానే తప్పుకుంది.