పొగ లేకుండా పొగలో నడక

గని ప్రమాదంలో ఎలా బయటపడాలో ఇప్పుడు వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ), అంటే కంప్యూటర్ చూపించే బొమ్మ లోకంలో నేర్పిస్తున్నారు. ఆ కథని ఒక పాత పేలుడుతో మొదలుపెడతాను. 1911 అక్టోబర్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రూస్టన్‌లో ఒక బొగ్గు గనిని జనం చూస్తుండగా కావాలనే పేల్చారు. గ్యాస్ లేకుండా ఒట్టి బొగ్గు ధూళి పేలుతుందంటే అప్పట్లో గనుల వాళ్లే చాలామంది నమ్మేవారు కాదు. అంతకు నాలుగేళ్ల ముందే, 1907లో, పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలోని మోనోంగా గనిలో 362 మంది చనిపోయారు. అయినా కళ్లారా చూపిస్తే తప్ప కుదరలేదు.

వీఆర్ కథకి ఈ పాత పేలుడెందుకంటే, ఇప్పటి వీఆర్ ల్యాబ్ కూడా బ్రూస్టన్‌లోనే ఉంది. దాని అవసరం గట్టిగా తెలిసొచ్చింది మాత్రం 2006 జనవరి 2న, వెస్ట్ వర్జీనియాలోని సేగో గనిలో. పేలుడు తర్వాత కార్మికులు బయటికి రాబోయి, పొగ అడ్డొచ్చి వెనక్కి వెళ్లారు. పరదా కట్టుకుని దాని వెనక కూర్చున్నారు. రెస్క్యూ వాళ్లు చేరేసరికి దాదాపు 41 గంటలైంది. 12 మంది పోయారు, ఒక్కరు బతికారు.

సెల్ఫ్ రెస్క్యూయర్లలో (పొగలో ఊపిరి ఆడేందుకు కార్మికులు నోట్లో గొట్టం పెట్టుకుని వాడే ఆక్సిజన్ డబ్బాలు) కనీసం నాలుగు పనిచెయ్యలేదని ఆ బతికినాయన చెప్పాడు. అవి పనిచేసే స్థితిలోనే ఉన్నాయని ఫెడరల్ దర్యాప్తు తేల్చింది. రెండు మాటలూ ఎలా పొసుగుతాయి? ఆ డబ్బాలోని రసాయనం మన ఊపిరిలోని తేమతో కలిసి ఆక్సిజన్ ఇస్తుంది. ఇస్తున్నంతసేపూ వేడెక్కుతుంది, గాలి లాగడం కష్టమవుతుంది. ఇది ముందే తెలియనివాడు, అసలే టెన్షన్‌లో ఉన్నవాడు, పరికరం పాడైందనే అనుకుంటాడు. క్లాసులో మూత తీసి చూపిస్తే ఈ సంగతి ఒంటికి పట్టదు.

ఆ ఏడాదే అమెరికాలో మైనర్ (MINER) యాక్ట్ అనే గనుల భద్రత చట్టం వచ్చింది. తర్వాతి ఏళ్లలో నియోష్ (పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ) పరిశోధకులు బ్రూస్టన్‌లో చుట్టూ 360 డిగ్రీల తెర కట్టారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రెస్క్యూ స్టేషన్లలోనూ ఇలాంటి తెరలున్నాయి. బొమ్మ గనిలో పొగ కమ్ముకుంటుంటే జట్టు ఎటు తిరుగుతుందో, ఎవరి మాట వింటుందో చూడొచ్చు. తప్పు దారి పట్టినా మళ్లీ మొదలుపెట్టొచ్చు. నాకు నచ్చింది ఇదే.

మన బొగ్గుబాయిలకైతే వేరే సీన్లు కూడా కావాలి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మందిని పొట్టన పెట్టుకున్నది నీళ్లు.

నోట్లోని గొట్టం వేడిని మాత్రం ఏ తెరా చూపించలేదు. అందుకే ఊపిరి లాగడం కష్టమయ్యేలా, వేడి తగిలేలా చేసిన శిక్షణ పరికరంతో ఏటా సాధన చేయించాలని అమెరికా నిబంధనల్లో పెట్టారు.