కటింగ్ షాపులో కథ ఎందుకు ఎక్కదు?

"సార్, నవలలో అమ్మాయి ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. అంతవరకు సరే. పుస్తకం మూసేశాక కూడా రెండు రోజులు ఆమెలాగే మాట్లాడుతున్నాను. 'దీనికేదో పట్టింది' అంటోంది అమ్మ. ఇది జబ్బా?" ఇంటర్ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది.

పట్టిందేమీ లేదమ్మా. తాయెత్తు అక్కర్లేదు, దిష్టి తీయనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న మెదడు చేసే పనే అది. ఎలా చేస్తుందో చెప్పాలంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం దగ్గర మొదలుపెట్టాలి. అందులో పెద్ద సరంజామా ఏమీ లేదు. ఒక అద్దం ఉంది, అంతే.

జెఫ్ కాఫ్‌మన్, లీసా లిబ్బీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో దీన్ని ప్రచురించారు. కాలేజీ పిల్లలకు కథ ఇచ్చి చదవమన్నారు. కొందరు కూర్చున్న చిన్న గదిలో అద్దం పెట్టారు. కథలోని మనిషి ఆలోచనలు, బాధ తమవే అన్నట్టు ఎంతవరకు అనిపించిందో తర్వాత అడిగారు. అద్దం ఉన్న గదిలో చదివినవాళ్లలో చాలామందికి ఆ పరకాయ ప్రవేశం కుదరనే లేదు.

ఇది చదవగానే నాకు మా ఊరి కటింగ్ షాపు గుర్తొచ్చింది. గోడ పొడుగునా అద్దం, ఎదురుగా చెక్క బెంచీ, దాని మీద అట్టలూడిన వారపత్రికలు. సీరియల్ మొదలుపెడతాను. నాలుగు వాక్యాలకోసారి తల ఎత్తితే ఎదురుగా నేనే, చెవుల మీదికి పెరిగిన జుట్టుతో. మళ్లీ పేజీలోకి వెళ్తే కథలో మనిషి ఎవరో పరాయివాడిలా ఉంటాడు. అదే వారపత్రిక ఇంటికి తెచ్చుకుని అరుగు మీద చదివితే అన్నం తినమని మూడుసార్లు పిలిచినా వినబడేది కాదు.

అద్దం చేసే పనల్లా 'నేను' అనేదాన్ని గుర్తు చేయడమే. నా పేరు, నా ముఖం, నా చొక్కా, రేపటి నా పరీక్ష. మనసులో 'నేను' అనే సీటు ఒకటి ఉందనుకోండి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం చూడండి, అద్దం చూసిన ప్రతిసారీ మన తువ్వాలు మనమే అక్కడ వేసుకుంటున్నాం. పాత్ర వచ్చి చూస్తుంది, సీటు ఖాళీ లేదు, నిలబడుతుంది. నిలబడ్డ పాత్రను మనం చూడగలం, జాలిపడగలం, ఆమెగా మారలేం. తువ్వాలు తీస్తేనే ఆమె కూర్చుంటుంది. పాత్రలో నన్ను నేను చూసుకోవాలంటే ముందు నన్ను నేను కాసేపు మరిచిపోవాలి. ఈ తిరకాసే నాకు దీంట్లో తెగ నచ్చింది.

ఆ సీటు మెదడులో ఎక్కడుంది? నుదుటి వెనక, మధ్యగీత వెంట కిందివైపు ఉన్న భాగాన్ని వెంట్రల్ మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. బొట్టు పెట్టుకునే చోటికి లోపలివైపు అనుకోండి. (మూడో కన్ను అక్కడే ఉందని సంబరపడకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.) మన గురించి మనం ఆలోచించుకున్నప్పుడు ఇది చురుగ్గా పనిచేస్తుంది. అది ఎలా తెలుస్తుందంటారా? మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ అనే స్కానింగ్ యంత్రం ఉంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఆ యంత్రంలోని అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా చెదరగొడుతుంది, ఆక్సిజన్ ఉన్నది చెదరగొట్టదు. పనిచేసే చోటికి ఆక్సిజన్ ఉన్న తాజా రక్తం ఎక్కువగా వస్తుంది కాబట్టి అక్కడి సంకేతం బలపడుతుంది. యంత్రం పట్టుకునేది ఈ తేడానే.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన తిమొతీ బ్రూమ్, డిలన్ వాగ్నర్ తదితర పరిశోధకులు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే ఇంగ్లిష్ టీవీ సీరియల్ అభిమానులు 19 మందిని ఈ యంత్రంలో పడుకోబెట్టారు. ఒక్కో గుణం చూపించి, అది నీకు వర్తిస్తుందా, నీ 9 మంది స్నేహితుల్లో ఫలానావారికి వర్తిస్తుందా, సీరియల్‌లోని 9 పాత్రల్లో ఫలానాదానికి వర్తిస్తుందా అని అడిగారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద 'నేను'కే సంకేతం ఎక్కువ. కానీ పాత్రల్లో లీనమయ్యే స్వభావం బాగా ఉన్నవాళ్లలో, తమ గురించి ఆలోచించినప్పటి సంకేతమూ పాత్ర గురించి ఆలోచించినప్పటి సంకేతమూ ఎక్కువగా కలిసిపోయాయి. బాగా ఇష్టమైన పాత్ర విషయంలో ఇంకా ఎక్కువగా. అంటే సీటు పూర్తిగా ఖాళీ చేయనక్కర్లేదు, ఇద్దరూ సర్దుకుని కూర్చుంటున్నారు. 19 మంది చాలా తక్కువ, ఒప్పుకుంటాను. అయినా ఈ ఫలితం నాకు అపురూపమే.

వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడనే అలంకార శాస్త్ర పండితుడు ఇదే విషయం చెప్పాడు. కావ్యాలు చదివి చదివి మనసనే అద్దం తేటపడినవాడు, వర్ణించినదానిలో తన్మయం కాగలవాడు సహృదయుడన్నాడు. 'మనోముకురం', అంటే మనసనే అద్దం, అనే మాటే వాడాడు. గోడ మీది అద్దంలో మనమే కనిపిస్తాం. ఆయన చెప్పిన అద్దంలో కావ్యం కనిపిస్తుంది. పైగా అది అభ్యాసంతో వస్తుందన్నాడు, పుట్టుకతో అనలేదు. బడిలో మనం ఆ అభ్యాసం చేయిస్తున్నామా? పాఠం పూర్తికాకముందే 'పాత్ర స్వభావం రాయండి, ఐదు మార్కులు' అంటాం. పిల్లవాడి ముందు అద్దం పెట్టి కథ చదవమన్నట్టే.

'మీరు ఏ పాత్ర?' అని ఫోన్లో వచ్చే పరీక్షలు మాత్రం వేరే సంగతి. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, 'ఇది నీ గురించే' అంటూ అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులో చాలా వాక్యాలు బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోవి. తమకు ఎంత బాగా కుదిరిందో మార్కులు వేయమంటే 5కి సగటున 4.26 వేశారు. ఎవరికైనా అతికే మాటల్ని మనవే అనుకోవడం అది, పాత్రగా మారడం కాదు. వారఫలాలు నిజమనిపించేదీ ఇలాగే.

ఇక ఆ అమ్మాయి చెప్పిన రెండు రోజులు. కాఫ్‌మన్, లిబ్బీ మరో ప్రయోగంలో, ఎన్నికలకు ముందు, కారు మొరాయించినా వాన పడినా పెద్ద క్యూ ఉన్నా ఓటేసి వచ్చిన విద్యార్థి కథ చదివించారు. 'నేను' అంటూ సాగుతూ, తమ యూనివర్సిటీ విద్యార్థిదే అయిన కథ చదివినవాళ్లలో 65 శాతం మంది తర్వాత ఓటేశామని చెప్పారు. అలాంటి కథే వేరే యూనివర్సిటీ విద్యార్థిదైతే 29 శాతం. పుస్తకం మూసినా పాత్ర వెంటనే లేచి వెళ్లిపోదన్నమాట.

ఇదంతా చెప్పి, "ఆ రెండు రోజులూ ఆమెలాగా ఏం మాట్లాడావమ్మా?" అని అడిగాను.

కాసేపు ఆగి చెప్పింది. "ఎంసెట్ రాయను, డిగ్రీలో హిస్టరీ తీసుకుంటానని నాన్నతో అన్నాను సార్. మొదటిసారి."