జుట్టు రేగేదీ నీటితోనే, నునుపయ్యేదీ నీటితోనే

పొద్దున స్ట్రెయిటెనర్‌తో చక్కగా తీర్చుకున్న జుట్టు విశాఖ బీచ్ రోడ్డు మీద అరగంట నడిచేసరికి మళ్లీ రేగిపోతుంది. అదే జుట్టు ఏప్రిల్‌లో హైదరాబాదులో సాయంత్రం దాకా నిలుస్తుంది. గాలిలోని తేమే ఈ తేడాకు కారణం. జెనీవా శాస్త్రవేత్త హొరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ 1783లో మనిషి వెంట్రుకను బిగించి గాలిలో తేమను కొలిచే పరికరం తయారుచేశాడు. పూర్తిగా పొడిగా ఉన్న గాలి నుంచి తడితో నిండిన గాలికి వచ్చేసరికి వెంట్రుక పొడవు సుమారు 2 శాతం పెరుగుతుంది. నీళ్లలో నానితే మందం 15 శాతం దాకా పెరుగుతుంది. ఉంగరాల జుట్టులో ఈ ఉబ్బు అన్ని వైపులా ఒకేలా ఉండదు కాబట్టి ఒక్కో వెంట్రుక ఒక్కో దిక్కుకు వంగుతుంది. రేగడమంటే అదే.

వెంట్రుక లోపలి కెరాటిన్ అనే ప్రొటీన్ పోగుల్ని రెండు రకాల బంధాలు ముఖ్యంగా పట్టి ఉంచుతాయి. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, కానీ లెక్కలేనన్ని. తడి తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కట్టుకుంటాయి. రెండోవి గంధకపు పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలు. పుట్టుకతో వచ్చిన ఉంగరాలను కాపాడేది ఇవే. వీటిని నీళ్లు గానీ, వంటింటి పదార్థాలు గానీ కదిలించలేవు. వాటికి జుట్టును రసాయనాలతో నిటారు చేసే రీబాండింగ్‌లో వాడే థయోగ్లైకొలేట్ వంటి రసాయనాలు కావాలి. అరటిపండు, కార్న్‌ఫ్లోర్, కొబ్బరిపాల ముద్దతో జుట్టు శాశ్వతంగా నిటారవుతుందని చెప్పేవాళ్లను అందుకే నమ్మకూడదు. పిండి వెంట్రుకల మీద పల్చటి పొర కడుతుంది, వచ్చే తలస్నానంలో ఆ పొర పోతుంది. ఇంట్లో మన చేతిలో ఉన్నవి హైడ్రోజన్ బంధాలు ఒక్కటే. వాటిని సరిగ్గా వాడుకుంటే తర్వాతి తలస్నానం దాకా నునుపైన జుట్టు సాధ్యమే, వానాకాలంలో అంతకన్నా తక్కువ.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొలుసులు. వాటి మీద పుట్టుకతో ఒక కొవ్వు పొర ఉంటుంది. బ్లీచింగ్, జుట్టు రంగులు, క్షారగుణం ఎక్కువున్న సబ్బులు ఆ పొరను తీసేస్తాయి. పోయిన పొర మళ్లీ పెరగదు, కొత్త వెంట్రుకతోనే వస్తుంది. వంటసోడా కలిపి తలంటుకోవడం ఇందుకే చెడ్డ సలహా: పొలుసులు ఉబ్బుతాయి, రాపిడి పెరుగుతుంది. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే మామూలు సబ్బు దానితో కలిసి మడ్డి కట్టి జుట్టును పీచులా చేస్తుంది. కుంకుడుకాయలు ఈ విషయంలో సబ్బు కన్నా మేలు, అంత మడ్డి కట్టదు. గింజలు తీసిన పది పన్నెండు కాయలను ముప్పావు లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి వడగడితే ఒక తలస్నానానికి చాలు. కానీ కుంకుడు రసం నూనెను మొత్తం లాగేస్తుంది, తర్వాత కండిషనర్ తప్పదు. నీళ్లలో కాల్షియం బాగా ఎక్కువుండే ఊళ్లలో చివర లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను వెనిగర్ కలిపి పోసుకుంటే కాల్షియం కొంత కరిగిపోతుంది, పొలుసులు సర్దుకుంటాయి. నిమ్మరసాన్ని నేరుగా పట్టించొద్దు.

తలంటుకు గంట రెండు గంటల ముందు కొబ్బరినూనె రాయడం మన ఇళ్ల పాత అలవాటు, సైన్సు కూడా దాన్ని సమర్థిస్తోంది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లపు అణువులు చిన్నవి, తిన్నగా ఉంటాయి కాబట్టి వెంట్రుక లోపలికి వెళ్లగలవు. కడిగేటప్పుడు ప్రొటీన్ నష్టాన్ని ఇది తగ్గించిందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ తగ్గించలేదని 2003లో భారతీయ పరిశోధకులు ప్రచురించారు.

కండిషనర్ భుజాల దాకా ఉన్న జుట్టుకు ఒక టేబుల్ స్పూను, చెవుల కింది నుంచి కొసల దాకా, రెండు మూడు నిమిషాలు. మాడుకు రాస్తే కుదుళ్ల దగ్గర జుట్టు అణిగిపోతుంది. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఎక్కువ, కండిషనర్ అణువులది ధనావేశం. అందుకే బాగా అరిగిన చోటే అది ఎక్కువ అతుక్కుంటుంది.

అసలు పని ఆరబెట్టడంలో ఉంది. టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ చొక్కాతో అద్ది పిండాలి. తడి వెంట్రుక సులువుగా సాగి తెగుతుంది కాబట్టి పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. జుట్టు ముప్పాతిక వంతు ఆరేదాకా డ్రైయర్‌తో ఆకారం తీర్చే ప్రయత్నం వద్దు, అప్పటిదాకా బంధాలు కట్టుకోవు, చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పాయలు తీసి, బ్రష్‌తో బిగువుగా లాగి పట్టుకుని, డ్రైయర్‌కు నాజిల్ తగిలించి గాలిని కుదుళ్ల నుంచి కొసల వైపే పంపాలి. కింది నుంచి పైకి గాలి తగిలితే పొలుసులు లేస్తాయి. డ్రైయర్ 15 సెంటీమీటర్ల దూరంలో కదులుతూ ఉండాలి. పాయ పూర్తిగా ఆరాక బిగువు వదలకుండా చల్లగాలి పది సెకన్లు ఇవ్వాలి. వేడిగా ఉన్న వెంట్రుక ఇంకా మెత్తగానే ఉంటుంది, చల్లబడ్డాకే ఆకారం నిలుస్తుంది. చాలామంది వదిలేసేది ఈ పది సెకన్లే. లోపల కాస్త తడి మిగిలినా ఆ పాయ గంటలోపు తన పాత వంపుకు తిరిగిపోతుంది.

స్ట్రెయిటెనర్ వాడేటట్టయితే జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. చుయ్ మని శబ్దం వచ్చిందంటే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు కడుతోందన్నమాట. సరిగ్గా ఆ బుడగల దగ్గరే వెంట్రుక విరుగుతుంది. పల్చటి జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 150 డిగ్రీల సెల్సియస్, మామూలు జుట్టుకు 170–180 సరిపోతుంది. 200 దాటొద్దు. తక్కువ వేడితో అయిదుసార్లు రుద్దేకన్నా తగిన వేడితో నెమ్మదిగా ఒక్కసారి లాగడం మంచిది. నూనె ఇస్త్రీకి ముందు కాదు, తర్వాత, రెండు చుక్కలే.

వేడి వద్దనుకుంటే, కొంచెం తడి మిగిలిన జుట్టును పాయలుగా తల చుట్టూ గట్టిగా చుట్టి పిన్నులు పెట్టి, పట్టు స్కార్ఫ్ కట్టి పూర్తిగా ఆరనివ్వాలి. నిటారుగా నిలపడానికి అవిసె జెల్ బాగా పనిచేస్తుంది. నాలుగు టేబుల్ స్పూన్ల అవిసె గింజలను అర లీటరు నీళ్లలో కలుపుతూ ఏడు నుంచి పది నిమిషాలు మరిగిస్తే గరిటకు తీగ సాగుతుంది. అప్పుడే, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారాక గింజలు జెల్‌ను వదలవు. తడి జుట్టుకు ఒకటి రెండు స్పూన్లు చాలు, ఎక్కువైతే ఆరాక తెల్లటి పొట్టు రాలుతుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. వానాకాలంలో, కోస్తా ఊళ్లలో గ్లిజరిన్ కలపొద్దు, అది గాలిలోని తేమను జుట్టులోకి లాగుతుంది.

జుట్టును నునుపు చేస్తాయంటూ ఇంట్లో వాడుకోమని అమ్మే కెరాటిన్ కిట్ల సంగతి వేరు. వాటిలో కొన్నింటిని వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. తలుపులు మూసిన బాత్రూంలో అది కళ్లకు, ఊపిరితిత్తులకు నేరుగా తగులుతుంది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పే కొన్నింటిలో గ్లైయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. అలాంటి క్రీము వాడిన ఒక యువతికి కిడ్నీలు దెబ్బతిన్న కేసును న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2024లో ప్రచురించింది. జుట్టు నిటారు చేసే రసాయనాలను ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడిన స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనిపించిందని అమెరికాలో 33 వేల మందికి పైగా స్త్రీలపై సాగిన అధ్యయనం 2022లో తెలిపింది. పెట్టె మీద పదార్థాల జాబితాలో ఫార్మాల్డిహైడ్, గ్లైయాక్సిలిక్ ఆమ్లం అనే పేర్లలో ఏది కనిపించినా, లేదా జాబితాయే లేకపోయినా, ఆ పెట్టెను కొనకండి.