క్వార్టర్‌బ్యాక్‌లలో ఎవరు గొప్ప? లెక్కలు తేల్చేదెంత?

1991 జనవరి 27, ఫ్లోరిడాలోని టాంపా నగరం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ముగియడానికి ఎనిమిది సెకన్లే మిగిలాయి. న్యూయార్క్ జెయింట్స్ 20, బఫలో బిల్స్ 19. బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ 47 గజాల దూరం నుంచి బంతిని తన్నాడు. అది రెండు స్తంభాల మధ్య నుంచి వెళితే మూడు పాయింట్లు, గెలుపు. దూరం సరిపోయింది, ఎత్తూ సరిపోయింది. బంతి మాత్రం కుడివైపు స్తంభం అవతలి నుంచి వెళ్లిపోయింది. ఆఖరి రెండు నిమిషాల్లో జట్టును అక్కడిదాకా నడిపించుకొచ్చిన క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ ఆ క్షణంలో గీత బయట నిలబడి చూస్తున్నాడు.

2002 ఫిబ్రవరి 3, న్యూ ఆర్లీన్స్. ఇదీ సూపర్ బౌలే. స్కోరు 17-17. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కిక్కర్ ఆడమ్ వినటేరి 48 గజాల నుంచి తన్నిన బంతి నేరుగా స్తంభాల మధ్య నుంచి వెళ్లింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ పేరు టామ్ బ్రేడీ. సూపర్ బౌల్ గెలిచిన జట్టు ఆటగాళ్లకి ఉంగరం ఇస్తారు. అతని ఏడు ఛాంపియన్‌షిప్ ఉంగరాల్లో మొదటిది ఆ గెలుపుతో వచ్చింది. కెల్లీ 1991 తర్వాత మూడేళ్లూ వరసగా ఫైనల్‌కి వెళ్లి, మూడూ పెద్ద తేడాతోనే ఓడిపోయాడు. కానీ అతని పేరు పక్కన ఉన్న సున్నా ఒకటి కాకపోవడానికి కారణం, మరొకడి కాలికి తగిలిన బంతి కొన్ని అడుగులు పక్కకి పోవడమే.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో జట్టు నుంచి 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. దాదాపు ప్రతి ప్రయత్నమూ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచే మొదలవుతుంది. బంతిని దూరంగా పరిగెత్తే రిసీవర్‌కి విసరాలా, పక్కవాడికి అందించాలా, తనే పరిగెత్తాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపే నూటపాతిక కిలోల మనుషులు మీదికి దూసుకొస్తుంటారు. అందుకే గెలిస్తే పేరంతా అతనికే, ఓడితే తిట్లన్నీ అతనికే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే తెలుగు పిల్లలు బ్రేడీ గొప్పా, ఈ తరం క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ గొప్పా అని వాదించుకోవడం వింటే, ఇక్కడ సచిన్, కోహ్లీల గురించి జరిగే వాదనే గుర్తొస్తుంది.

ఆ వాదనలో అందరూ మొదట తీసే ఆయుధం ఉంగరాల లెక్క. బ్రేడీకి ఏడు, జో మొంటానాకి నాలుగు, పేటన్ మానింగ్‌కి రెండు, ఆరన్ రోడ్జర్స్‌కి ఒకటి, డాన్ మరీనోకి సున్నా. చూడ్డానికి ఇంతకంటే స్పష్టమైన వరస ఉండదనిపిస్తుంది.

కానీ చిన్న లెక్క వేసి చూడండి. ఒక మేటి క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టుకి ప్లేఆఫ్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ దశలో, ఏ మ్యాచ్ అయినా గెలిచే అవకాశం 65 శాతం అనుకుందాం. ఇది చాలా ఉదారమైన అంకె. ఛాంపియన్ కావాలంటే వరసగా మూడు మ్యాచ్‌లు గెలవాలనుకుంటే, ఆ అవకాశం 0.65ను మూడుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 27 శాతం. ఇలాంటి పది సీజన్లు అతనికి దొరికాయనుకోండి. సగటున రెండు మూడు ఉంగరాలు రావాలి. అచ్చంగా ఇదే సత్తా ఉన్నవాళ్లని వందమందిని తీసుకుంటే మాత్రం, దాదాపు 19 మందికి ఒకటో సున్నానో దక్కుతుంది, 28 మందికి నాలుగో అంతకన్నా ఎక్కువో దక్కుతాయి. మనిషి సత్తాలో వెంట్రుకవాసి తేడా లేదు. అయినా మనం ఒకరిని దేవుడంటాం, ఇంకొకరిని ఒత్తిడికి చేతులెత్తేసేవాడంటాం.

ఉంగరం ఎంత మసకబారిన అద్దమో చూడాలంటే మానింగ్ ఒక్కడి కెరీర్ చాలు. 2013లో డెన్వర్ బ్రాంకోస్ తరఫున 55 టచ్‌డౌన్ పాస్‌లు (అవతలి గోల్ లైన్ దాటించి ఆరు పాయింట్లు తెచ్చినవి), 5,477 గజాలు. రెండూ అప్పటికి ఒక సీజన్ రికార్డులు. ఆ ఏడాది సూపర్ బౌల్‌లో సియాటిల్ చేతిలో 43-8 తేడాతో చిత్తయ్యాడు. 2015లో వయసు 39, ఒంటికి గాయాలు. సీజన్ మొత్తం మీద 9 టచ్‌డౌన్‌లు వేసి, 17 పాస్‌లు ప్రత్యర్థుల చేతికి అందించాడు. మధ్యలో అతన్ని పక్కన కూడా పెట్టారు. అయితే డెన్వర్ డిఫెన్స్ ఆ ఏడాది లీగ్‌లోనే మేటి. సూపర్ బౌల్ గెలిచింది. ఉంగరాలు లెక్కపెట్టేవాళ్ల పద్ధతిలో మానింగ్ 2015లో గొప్పవాడు, 2013లో కాదు. ఆ రెండు సీజన్లూ చూసిన ఏ అభిమానీ ఈ మాట ఒప్పుకోడు.

సరే, ఉంగరాలు పక్కన పెట్టి వ్యక్తిగత అంకెలు చూద్దామంటే, అక్కడ ముందుగా ఎదురయ్యేది పాసర్ రేటింగ్. 1971లో లీగ్ కోరిక మీద ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చెందిన డాన్ స్మిత్ నాయకత్వంలో ఒక కమిటీ దీన్ని తయారుచేసింది. 1973 నుంచి ఇదే అధికారిక కొలత. విసిరిన పాస్‌లలో ఎన్ని చేరాయి, ఒక్కో పాస్‌కి ఎన్ని గజాలు వచ్చాయి, ఎన్ని టచ్‌డౌన్‌లయ్యాయి, ఎన్ని ఇంటర్‌సెప్షన్‌లయ్యాయి (అంటే ప్రత్యర్థుల చేతికి చిక్కాయి) అన్న నాలుగింటినీ కలిపి ఒకే అంకెగా మారుస్తుంది. గరిష్ఠం 158.3. సగం పాస్‌లు చేరి, పాస్‌కి 7 గజాలు వచ్చి, నూటికి ఐదు టచ్‌డౌన్‌లు, ఐదున్నర ఇంటర్‌సెప్షన్‌లు ఉంటే సగటు ఆటగాడని అప్పటి ఆట చూసి నిర్ణయించారు. అలాంటివాడికి 66.7 వస్తుంది.

ఈ సూత్రాన్ని విప్పి చూస్తే విచిత్రాలు బయటపడతాయి. అందులోని గుణకాల ప్రకారం, చేరిన ప్రతి పాస్‌కీ 20 గజాలకి సమానమైన బహుమతి ఉంది. టచ్‌డౌన్‌కి 80 గజాలు, ఇంటర్‌సెప్షన్‌కి 100 గజాల శిక్ష. అంటే పక్కనే ఉన్నవాడికి బంతి విసిరి, వాడు అక్కడే దొరికిపోయి 3 గజాలు వెనక్కి పడ్డా, 66.7 ఉన్న ఆ సగటు ఆటగాడి రేటింగ్ తగ్గదు, పైగా కాస్త పెరుగుతుంది. ఏమీ తోచక బంతిని ప్రతిసారీ నేలకేసి కొట్టేవాడికి కూడా 39.6 వస్తుంది, ఇంటర్‌సెప్షన్ లేదు కాబట్టి. బంతి వదలకుండా పట్టుకుని కూర్చుని ప్రత్యర్థుల కింద పడిపోతే, అంటే శాక్ అయితే, ఎన్ని గజాలు పోయినా రేటింగ్‌కి తెలియదు. కాళ్లతో పరిగెత్తి గెలిపించినా తెలియదు.

కాలం మారితే కథ ఇంకా ముదురుతుంది. 1978లో లీగ్ రెండు నిబంధనలు మార్చింది. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ని డిఫెండర్ తాకకూడదు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌మెన్ చేతులు చాచి, అరచేతులతో అడ్డుకోవచ్చు. 2004లో మొదటి నిబంధనని మరింత గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. పాస్ విసరడం ఏటికేడూ సులువవుతూ వచ్చింది. ఈ రోజుల్లో దాదాపు 65 శాతం పాస్‌లు చేరతాయి, ఇంటర్‌సెప్షన్‌లు నూటికి రెండు మూడే. అందుకే ఒకప్పుడు అరవై పైచిలుకు ఉండే లీగ్ సగటు రేటింగ్ తొంభై చుట్టుపక్కలకి చేరింది. ఒక్కో పాస్‌కి వచ్చే గజాలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఏడు దగ్గరే ఉన్నాయి. ఈ సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. రేటింగ్ పెరిగిందంటే క్వార్టర్‌బ్యాక్‌లు అంత మెరుగైపోయారని కాదు. రిస్క్ తక్కువున్న చిన్న పాస్‌లు పెరిగాయి, వాటికి ఆ సూత్రం ధారాళంగా మార్కులేస్తోంది.

నాలుగు ఉంగరాల టెర్రీ బ్రాడ్‌షా కెరీర్ రేటింగ్ 70.9. 212 టచ్‌డౌన్‌లు, 210 ఇంటర్‌సెప్షన్‌లు. ఈ రోజు అలాంటి అంకెలున్న కుర్రాడు రెండో సీజన్‌కి బెంచ్ మీద ఉంటాడు. 1970ల సగటుతో పోలిస్తే అది చెడ్డ అంకేమీ కాదు. కాబట్టి పాతవాళ్లని కొలవాలంటే వాళ్ల సమకాలికులతోనే పోల్చాలి. అలా చూస్తే మరీనో ఎక్కడికో వెళ్లిపోతాడు. 1984కి ముందు ఒక సీజన్‌లో టచ్‌డౌన్ పాస్‌ల రికార్డు 36. ఆ ఏడాది మరీనో 48 వేశాడు. రికార్డుని మూడో వంతు పెంచాడు. మానింగ్ 2013లో వేసిన 55, అంతకుముందు బ్రేడీ పేరిట ఉన్న 50 కంటే ఐదే ఎక్కువ. నా దృష్టిలో ఒక సీజన్ వరకు చూస్తే మరీనో 1984ని మించింది లేదు.

పాసర్ రేటింగ్ కమిటీ పని మొదలుపెట్టిన 1971లోనే, ఇంతకంటే లోతైన ఆలోచన ఒక పరిశోధన పత్రికలో అచ్చయింది. దాన్ని రాసినవాళ్లలో ఒకరు రాబర్ట్ మకాల్ అనే ప్రొఫెసర్. రెండోవాడు వర్జిల్ కార్టర్, సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్! ఆదివారాలు మైదానంలో దెబ్బలు తింటూ, మరోపక్క బిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుకున్న మనిషి. 1969 సీజన్ మ్యాచ్‌ల వివరాలు తీసుకుని వీళ్లు ఒక ప్రశ్న వేశారు. మైదానంలో ఫలానా చోట బంతి మన చేతిలో ఉంటే, తర్వాత వచ్చే పాయింట్లు సగటున ఎన్ని, ఎవరికి? మన గోల్ లైన్ దగ్గర ఉంటే ఆ విలువ మైనస్‌లోకి పోతుంది, ఎందుకంటే తర్వాత పాయింట్లు కొట్టేది ఎక్కువగా అవతలివాళ్లే. అవతలి గోల్ లైన్ దగ్గర పడితే దాదాపు ఆరు.

ఇది చేతికొస్తే ప్రతి పాస్‌కీ ధర కట్టొచ్చు. పాస్‌కి ముందు ఆశించదగ్గ పాయింట్లు ఎన్ని, తర్వాత ఎన్ని, ఆ తేడాయే పాస్ విలువ. మూడో ప్రయత్నంలో 8 గజాలు కావలసినప్పుడు 5 గజాల పాస్ చేరితే రేటింగ్ పెరుగుతుంది, జట్టు మాత్రం బంతి పోగొట్టుకుంటుంది. కార్టర్ పద్ధతిలో అది నష్టం. అదే 5 గజాలు, 4 గజాలు కావలసిన చోట వస్తే లాభం. ఈనాటి విశ్లేషకులు వాడే ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్) కొలతకి మూలం ఇదే.

కార్టర్ కథలో ఇంకో మలుపు ఉంది. బెంగాల్స్‌లో బలమైన చేయి ఉన్న కుర్రాడు గ్రెగ్ కుక్ భుజం దెబ్బతింటే ఆ బాధ్యత కార్టర్ మీద పడింది. ఇతనికి అంత దూరం విసిరే బలం లేదు. అప్పుడు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న బిల్ వాల్ష్, చిన్నచిన్న పాస్‌లని అడుగులతో సహా ముందే లెక్కగట్టి అల్లే పద్ధతి తయారుచేశాడు. 1971లో పాస్‌లు చేర్చిన శాతంలో లీగ్‌లో మొదటి స్థానం కార్టర్‌ది. 1979లో వాల్ష్ శాన్ ఫ్రాన్సిస్కో 49ers కోచ్ అయ్యాడు. అదే ఏడాది మూడో రౌండ్‌లో ఒక కుర్రాడిని తీసుకున్నాడు, పేరు జో మొంటానా.

మొంటానా ఆడిన నాలుగు సూపర్ బౌల్స్‌లోనూ గెలిచాడు. వాటిలో 11 టచ్‌డౌన్ పాస్‌లు వేసి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు. అతని తర్వాత వచ్చిన స్టీవ్ యంగ్ అదే జట్టులో ఒకే సూపర్ బౌల్‌లో ఆరు టచ్‌డౌన్‌లు వేశాడు, రేటింగ్‌లో లీగ్‌లో మొదటి స్థానం పదేపదే సంపాదించాడు. అదే యంగ్ అంతకుముందు రెండేళ్లు టాంపా బే జట్టులో ఆడినప్పుడు 11 టచ్‌డౌన్‌లు, 21 ఇంటర్‌సెప్షన్‌లు. ఆరంభం నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన 19 మ్యాచ్‌లలో మూడే గెలిచాడు. మనిషి అతనే, చెయ్యి అదే. మారింది కోచ్, పద్ధతి, చుట్టూ ఉన్న ఆటగాళ్లు, తోడుగా కాస్త అనుభవం. ఏది ఎంత పని చేసిందో ఈపీఏ కూడా విడదీయలేదు. అది పాస్ ధర కడుతుంది గానీ, ఆ ధరలో విసిరినవాడి వాటా ఎంత, పట్టుకుని పరిగెత్తినవాడి వాటా ఎంత, అడ్డు నిలబడినవాళ్ల వాటా ఎంత అన్నది చెప్పదు.

బ్రేడీ 2020లో పేట్రియట్స్ వదిలి టాంపా బేకి వెళ్లినప్పుడు ఇలాంటి సహజ ప్రయోగమే జరిగింది. టాంపా అంతకుముందు ఏడాది 7-9 (ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములు), బ్రేడీతో ఛాంపియన్. పేట్రియట్స్ అతను లేకుండా 7-9. బ్రేడీ వైపు నిలబడే సాక్ష్యాల్లో దీనికంటే బలమైనది నాకు కనిపించదు. అయినా ఇది ఒకే ఒక్క ప్రయోగం.

విడదీయడానికి ఇప్పుడు కొత్త దారి ఉంది. ఆటగాళ్ల భుజాల రక్షణ కవచాల్లో పెట్టిన చిప్‌లు సెకనుకి పదిసార్లు ఎవరెక్కడ ఉన్నారో చెబుతాయి. 2017 నుంచి బంతిలోనూ చిప్ ఉంది. విసిరే సమయానికి రిసీవర్‌కి డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడు, క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరు ఎంత దగ్గరికొచ్చారు అన్నవి చూసి, ఆ పాస్ చేరే అవకాశం ఎంతో అంచనా వేస్తారు. 40 శాతం అవకాశమున్న పాస్‌లని ఒకడు పదేపదే చేరుస్తున్నాడంటే అది అతని గొప్పే. అక్కడా జాగ్రత్త అవసరం. ఒక సీజన్‌లో 550 పాస్‌లు విసిరి 12 ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చే సత్తా ఉన్నవాడికి, కేవలం అదృష్టం వల్లే ఒక ఏడాది 9, మరో ఏడాది 15 రావడం మామూలే. ఆ తేడా మీద అభిమానులు ఏడాదంతా కొట్టుకుంటారు.

ఇవన్నీ చూశాక ఒకటి, రెండు, మూడు అని వరస రాసిన జాబితాలను నేను నమ్మను. రెండో స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య ఉన్న తేడా మన కొలతల్లో ఉన్న పొరపాటు కంటే చిన్నది. అంతస్తులుగా పేర్చడమే నిజాయితీ. బ్రేడీ, మానింగ్, మొంటానా ఒకే అంతస్తు. పది సూపర్ బౌల్స్‌కి వెళ్లడం అదృష్టంతో వివరించగలిగేది కాదు, కాబట్టి కెరీర్ మొత్తం మీద బ్రేడీకి ఓటేసేవాళ్లతో నేను వాదించను. మరీనో కూడా అక్కడే, ఉంగరం లేకపోయినా. మహోమ్స్ అప్పుడే మెట్లెక్కుతున్నాడు. 50 టచ్‌డౌన్‌లు వేసిన అతని 2018 సీజన్ పేట్రియట్స్ చేతిలో అదనపు సమయంలో ముగిసింది. టాస్ ఓడిపోవడంతో అందులో అతనికి ఒక్కసారి కూడా బంతి దక్కలేదు. ప్లేఆఫ్ అదనపు సమయంలో రెండు జట్లకీ బంతి దక్కాలన్న నిబంధన 2022లో గానీ రాలేదు.

ఇంకొకరికి కూడా ఆ అంతస్తులో చోటుండాలని నా పట్టుదల. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ ఒట్టో గ్రాహం 1946 నుంచి 1955 దాకా పది సీజన్లు ఆడాడు. పదిసార్లూ లీగ్ ఫైనల్‌కి వెళ్లాడు, ఏడు గెలిచాడు. మొదటి నాలుగు టైటిళ్లు వేరే లీగ్‌వి కాబట్టి చాలామంది వాటిని లెక్కలోకి తీసుకోరు. కానీ 1950లో ఆ జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఇప్పటి లీగ్‌లో, అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఛాంపియన్ అయింది. పాత లీగ్ నాసిరకం అనే వాదనకి ఆ ఒక్క సీజన్ జవాబు చెప్పేసిందని నా అభిప్రాయం. కోచ్ పాల్ బ్రౌన్ తన కాలానికంటే ముందున్నవాడు కాబట్టి గ్రాహం వాటా ఎంతన్న ప్రశ్న ఇక్కడా ఉంటుంది. ఆ రోజుల ఆటకి చిప్‌లు లేవు, ప్రతి ప్రయత్నం వివరాలూ పూర్తిగా లేవు. ఈపీఏ లెక్కలు అక్కడిదాకా వెనక్కి వెళ్లలేవు.