పండు చపాటా దొరికే రోజుల్లో

హనుమకొండ,
సంక్రాంతి వెళ్లిన వారం

చిరంజీవులైన పిల్లలకు నాయనమ్మ ఆశీస్సులు.

పండుమిర్చి ఎర్ర తొక్కు సీసా అడుగంటిందని, ఈసారి మేమే చేసుకుంటాం ఎలాగో చెప్పమని అడిగారు. చాలా సంతోషం. ఫోన్లో చెప్తే ఉప్పు ఎంతో, చింతపండు ఎంతో మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు కాయ గురించి రాస్తాను, తొక్కు తర్వాత. సరైన కాయ దొరికితే సగం పని అయినట్టే. అది దొరక్కపోతే ఎంత చేయి తిరిగినవాళ్లు చేసినా ఆ రంగు రాదు, నాలుక మీద ఆ కొంచెం తియ్యదనమూ రాదు.

ఆ కాయ పేరు చపాటా. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పండే మన పాత దేశీ మిరప. గుంటూరు సన్నంలా పొడుగ్గా, మొన తేలి ఉండదు. పొట్టిగా, లావుగా, తొడిమ దగ్గర వెడల్పుగా ఉంటుంది. పండిన కాయలు గంపలో పోసి ఉంటే దూరం నుంచి టమాటాలే అనుకుంటారు. మార్కెట్లో టమాటా మిర్చి అనేది అందుకే. ఇందులోనే సింగిల్ పట్టి, డబుల్ పట్టి, ఒడలు అని రకాలున్నాయి. ఈ రైతుల దగ్గర ఈ విత్తనం తరాలుగా ఉంది. మంచి చెట్టు చూసుకుని, దాని కాయలు విడిగా ఎండబెట్టి, వచ్చే ఏడు నారుకు దాచుకుంటారు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అని చెప్పే జీఐ ముద్ర, వచ్చింది. దుగ్గొండి వైపు తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ, ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి దాని కోసం పని చేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు మన ఇంట్లో పిల్లలు పరీక్ష పాసైనంత సంతోషమైంది.

చిన్నది అడిగిన ప్రశ్న ఒకటుంది: అంత ఎర్రగా ఉంటే కారం కూడా అంత ఉండాలి కదా అని. ఉండక్కర్లేదమ్మా. మిరపకాయలో రంగు ఒక పదార్థం, కారం ఇంకో పదార్థం. రంగు తోలులో, కండలో ఉంటుంది. కారం మాత్రం క్యాప్సైసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, అది ఎక్కువగా లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో తయారవుతుంది. గింజల్లో కారం ఉంటుందని అందరూ అంటారు కానీ, ఆ ఈనెకు ఆనుకుని ఉండటం వల్ల వాటికి అంటిన కారమే అది. చపాటాకు ఆ కారం తక్కువ, రంగు ఎక్కువ.

కారం ఎంతో కొలవడానికి 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే మందుల శాస్త్రవేత్త ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో కలిపి మనుషులకు రుచి చూపించి, కారం తెలియకుండా పోయేదాకా ఇంకా ఇంకా పలచన చేస్తూ పోవడం. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అదే లెక్క. గుంటూరు సన్నం ఆ లెక్కలో ముప్పై అయిదు వేలు దాటుతుంది. చపాటా అందులో చిన్న వంతు మాత్రమే. అలాగని క్యాప్సికం లాగా చప్పగా ఉండదు. ముద్ద నోట్లో పెట్టగానే ముందు పులుపు, తర్వాత తియ్యదనం, చివర్లో సన్నగా కారం తగులుతుంది. కారం వెనక్కి తగ్గింది కాబట్టే మిగతా రుచులు బయటికి తెలుస్తాయి. చిన్నపిల్లలకు మొదటిసారి తొక్కన్నం పెట్టాలంటే మన ఇంట్లో ఎప్పుడూ దీనితోనే.

ఇప్పుడు అసలు సంగతి, ఎప్పుడు కొనాలి. వానాకాలంలో నారు పోసి నాటిన మిరప చలికాలం మధ్యలో ఎర్రబడటం మొదలవుతుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా పండుకాయ బాగుంటుంది. ఆ తర్వాత కాయ చిన్నబడుతుంది, ఎండ ముదిరి చెట్టు మీదే వడలిపోతుంది. కాయలన్నీ ఒకేసారి పండవు, అందుకని కూలీలు ఒకే చేనును విడతలు విడతలుగా ఏరుతారు. తొక్కుకు ముందు విడతల కాయే తీసుకోండి. అది కండపట్టి ఉంటుంది. దోర కాయ కలిస్తే తొక్కు రంగు మట్టిగా మారుతుంది, కాబట్టి తొడిమ దాకా ఎర్రబడిన కాయే కావాలి. పండేటప్పుడు కాయలోని ఆకుపచ్చ రంగు విరిగిపోయి క్యాప్సాంథిన్ అనే ఎరుపు తయారవుతుంది, చక్కెరలు కూడా పెరుగుతాయి. మీ స్కూల్ పుస్తకంలో విటమిన్ సి గురించి చదివారు కదా. 1930లలో హంగరీలోని సెగెడ్ ఊళ్లో ఆల్బర్ట్ సెంట్ జార్జి దాన్ని పెద్ద మొత్తంలో తీసింది కూడా ఎర్ర మిరపల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఎక్కడ కొనాలనేది కొంచెం చిక్కే. చపాటా రైతు కాయను పండుగా అమ్మడం తక్కువ. కల్లంలో ఎండబెట్టి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్తాడు, ఎందుకంటే ఎండుకాయకు మంచి ధర. 2021 వానాకాలం పంటను నల్ల తామర పురుగు ఊళ్లకు ఊళ్లే ఊడ్చేసింది. కాయ కరువై 2022లో చపాటా ధర తేజ రకం మిర్చికి రెండింతలకు మించి పలికింది. అన్ని ఏళ్లూ అలా ఉండదు. ధర పడిపోయిన ఏడు కూలి ఖర్చు కూడా రాక రైతు కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. అందుకే మీరు బేరమాడొద్దు. వారం అంగడిలో పండుకాయ కనిపిస్తే సరే, లేదా మీ బాబాయికి చెప్తే చేను దగ్గరికే తీసుకెళ్తాడు. నాలుగు కిలోల పండు ఎండితే సుమారు కిలో ఎండుకాయ అవుతుంది. ఆ లెక్కన ఎండుకాయ ధరలో నాలుగో వంతుకు తగ్గకుండా ఇవ్వండి, పైన ఇంకొంచెం ఇచ్చినా తప్పులేదు.

కాయ ఏరేటప్పుడు నేను చేసేది ఇది. ముందు తొడిమ చూస్తాను, పచ్చగా, గట్టిగా అంటిపెట్టుకుని ఉండాలి. తోలు బిగుతుగా మెరవాలి. మొన వైపు బొటనవేలితో మెల్లగా నొక్కితే మెత్తగా దిగిందంటే లోపల కుళ్లు మొదలైనట్టు. కొన్ని కాయల మీద గుండ్రంగా లోపలికి గుంటపడిన మచ్చ ఉంటుంది, మధ్యలో నల్లటి చుక్కలు వలయాలుగా కనిపిస్తాయి. అది కాయకుళ్లు తెగులు. ఆ కాయ ఒక్కటి జాడీలో పడినా వాసన వస్తుంది. చివరగా, అమ్మే మనిషిని అడిగి ఒక కాయ చీల్చి చూస్తాను. గింజలు లేత పసుపు రంగులో, ఈనె తెల్లగా, లోపలి గోడ తడిగా మెరుస్తూ ఉంటే ఆ గంప తీసుకుంటాను. బయట నిగనిగలాడే కాయలో కూడా ఒక్కోసారి బూడిదరంగు బూజు ఉంటుంది. చీల్చకుండా అది తెలియదు.

ఇక తొక్కు. కిలో పండుకాయకు రెండు వందల గ్రాముల కల్లుప్పు, రెండు వందల గ్రాముల గింజ తీసిన చింతపండు, చెంచా పసుపు, వేయించి పొడి కొట్టిన మెంతులు రెండు చెంచాలు, వంద గ్రాముల ఎల్లిపాయలు. చింతపండు కొత్తదైతే మంచిది, పాతదైతే రంగు నల్లబడుతుంది.

కాయలను తొడిమలతోనే కడగండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. తొడిమ తీసి కడిగితే ఆ రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోతాయి, ఎంత ఆరబెట్టినా బయటికి రావు. కడిగాక పాత నూలు బట్టతో ఒక్కొక్కటీ తుడిచి, ఇంకో బట్ట మీద పరిచి, రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచండి. ఎండలో పెట్టొద్దు. ఎండకు రంగు పోతుంది, కాయ వడలిపోతుంది. చపాటాకు కండ ఎక్కువ కాబట్టి సన్న మిరప కంటే నీరు ఎక్కువ, అందుకని తడి విషయంలో దీనికి ఇంకా జాగ్రత్త కావాలి. పొద్దున్నే తొడిమలు తీసి, కాయను రెండుగా చీల్చి ఒకసారి లోపల చూసుకోండి. చేతులకు కొంచెం నూనె రాసుకుంటే మంట తక్కువ. కళ్లు మాత్రం రుద్దుకోవద్దు.

మా అత్తమ్మ రోట్లో దంచేది. మీకు రోలు లేకపోతే మిక్సీలోనే వేయండి, కానీ ఆపి ఆపి తిప్పండి. మెత్తగా పేస్టు అయితే తొక్కు కాదు, సాస్ అవుతుంది. తోలు ముక్కలు పంటికి తగలాలి. కాయలు, ఉప్పు, పసుపు కలిపి కచ్చాపచ్చాగా చేసి, సగం జాడీలో వేసి, మధ్యలో చింతపండు పెట్టి, మిగతా సగం పైన వేసి, గుడ్డ కట్టండి. రెండు రోజులు కదపొద్దు. ఉప్పుకు కాయలోని నీరు ఊరుతుంది, ఆ నీటిలో చింతపండు నానుతుంది. వేరే నీళ్లు చుక్క కూడా పోయకూడదు. మూడో రోజు మూత తీసేసరికి పులుపూ తీపీ కలిసిన వాసన ముక్కుకు కొడుతుంది. అప్పుడు మెంతిపొడి, ఎల్లిపాయలు వేసి అంతా కలిపి మళ్లీ ఒకసారి దంచండి. ఉప్పు రుచి చూడండి. మూడో రోజు కొంచెం ఉప్పగా అనిపిస్తేనే నిలవకు సరిపోతుంది.

పోపు అంతటికీ ఒకేసారి పెట్టొద్దు. వారానికి సరిపడా తీసి పెట్టుకోండి. పల్లినూనె కాగాక ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేసి, పొయ్యి ఆపి, నూనె కాస్త చల్లబడ్డాక తొక్కు కలపండి. రంగు అప్పుడు చూడాలి. మిరప ఎరుపు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. గరిటె తిప్పుతుంటే నూనె అంచుల్లో నారింజ రంగు మొదలై చూస్తుండగానే గిన్నె అంతా రక్తచందనం రంగు పట్టేస్తుంది. నూనె మరీ కాగి ఉన్నప్పుడు వేశారంటే ఆ రంగు మాడి గోధుమరంగుకు తిరుగుతుంది, ఇక దాన్ని ఏమీ చేయలేం. ఈ రంగు కోసమే పెద్ద కంపెనీలు మిరప నుంచి నూనెలాంటి చిక్కటి సారం తీస్తాయి. మీరు తినే చిప్స్ ప్యాకెట్ వెనక 160సి అని కనిపిస్తే అది మిరప రంగే. లిప్‌స్టిక్‌లో కూడా వాడతారు.

జొన్నరొట్టె, చపాటా తొక్కు, పక్కన గడ్డపెరుగు. దీనికి మించిన భోజనం నాకు తెలియదు. వేడన్నంలో అయితే నెయ్యి ఉండాలి.

తొక్కు పెట్టే ఓపిక లేని రోజున ఇంకోటి చేయొచ్చు. నాలుగు పండుకాయలు చీల్చి, ఈనె తీసేసి, నూనెలో మూతపెట్టి సన్న మంట మీద మగ్గించండి. వేయించిన నువ్వులు, ఉప్పు, చిన్న చింతపండు రెబ్బ, రెండు ఎల్లిపాయలు కలిపి దంచితే ఆ పూటకు పచ్చడి రెడీ. ఈనె తీశాక కారం దాదాపు ఉండదు, ఐదేళ్ల పిల్లలు కూడా తింటారు.

ఎండు చపాటా సంగతి వేరే. ఆవకాయకు కారం కోసం తేజ గానీ సన్నం గానీ, రంగు కోసం చపాటా, సగం సగం పట్టిస్తాం. కోడికూరకు నాలుగు ఎండుకాయలు వేడినీళ్లలో నానబెట్టి నూరి వేయండి, రంగు పొడి అక్కర్లేదు. బయట కొన్న కారప్పొడి మీద అనుమానముంటే గ్లాసు నీళ్ల మీద చిటికెడు చల్లి చూడండి. ఎర్ర చారలు దిగుతుంటే కృత్రిమ రంగు కలిపినట్టే, ఎందుకంటే మిరప సొంత రంగు నీళ్లలోకి దిగదని పైన చెప్పాను కదా. నూనెలో కరిగే సూడాన్ లాంటి రంగులు కలిపితే మాత్రం ఈ పరీక్షకు దొరకవు. అందుకే కాయ కొని మన కళ్లముందు పట్టించుకోవడమే మేలు. పట్టించిన పొడిని అద్దం సీసాలో కిటికీ పక్కన పెట్టొద్దు. వెలుతురుకు రంగు తగ్గుతుంది. స్టీలు డబ్బాలో, చీకటి అరలో పెట్టండి.

బాబాయికి ఈ ఆదివారమే ఫోన్ చేయండి, రెండో విడత ఏరడం మొదలైంది. మీ ముగ్గురికీ కలిపి మూడు కిలోలు చాలు. జాడీ నేను పంపుతాను, ఎండలో పెట్టి ఉంచాను. తొక్కు తీసిన ప్రతిసారీ పొడి చెంచానే వాడండి, జాడీలో మిగిలిన తొక్కు పైన కాచి చల్లార్చిన పల్లినూనె పోసి, వేలు మందం తేలుతూ ఉండేలా చూసుకోండి, తగ్గితే మళ్లీ పోయండి.

ఇట్లు
మీ నాయనమ్మ